పడుగు పరిచిన వీధి

మొన్న బీరువా సర్దుతుంటే అడుగునున్న గద్వాల చీర ఒకటి బయటపడింది. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రటి అంచు. మా పెద్దమ్మ పెట్టిన చీర. మడత విప్పి చూసుకుంటుంటే మా అమ్మాయి వచ్చి పక్కన కూచుంది.

"అమ్మా, ఒళ్లేమో నూలు, అంచేమో పట్టు. రెండూ కలిపి కుట్టారా?" అంది.

"కుట్టలేదే, నేశారు."

"ఎక్కడ?"

"సగం ఇంట్లో, సగం వీధిలో" అన్నాను.

వీధిలో చీర నేస్తారా అని పడీపడీ నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ, నేనన్నది అబద్ధం కాదు. ఆ వీధి సంగతి దానికి చెప్పబోతే అప్పటికే లేచి వెళ్లిపోయింది. అందుకని మీకు చెబుతున్నాను.

మా పెద్దనాన్నగారు గద్వాలలో బడిపంతులు. నేతవాళ్ల వీధిలో అద్దెకుండేవారు. నా చిన్నతనంలో, అంటే 1980ల చివర్లో, వేసవి సెలవులకు వెళ్లినప్పుడల్లా పొద్దున్నే నిద్రలేచి గడప దాటబోతే ఎదురుగా వీధి ఉండేది కాదు. దారాలుండేవి. ఈ కొస నుంచి ఆ కొసకు నడుమెత్తున చాప పరిచినట్టు వందలాది పోగులు. మొదటిసారి అది చూసి సరదాగా కిందనుంచి దూరి అవతలికి పోబోయాను. "ఓ పిల్లా! పడుగు కింద దూరొద్దు, అటు సుట్టు తిరిగి పో!" అని ఎదురింటి అవ్వ కేక పెట్టింది. అదిరిపోయాను. పెద్దమ్మ బయటికొచ్చి నన్ను వెనకేసుకొస్తుందనుకున్నాను. ఆవిడ కూడా, "అవ్వ చెప్పిందిగా, చుట్టు తిరిగి పో" అని లోపలికి వెళ్లిపోయింది.

వీధికి నియమాలుంటాయని నాకు తెలిసిన మొదటి రోజు అది.

మగ్గం మీద నిలువుగా ఉండే దారాలు పడుగు, అడ్డంగా పోయేవి పేక. ఇది మనలో చాలామందికి తెలిసిందే. తెలియనిదేమిటంటే, నూలు పోగు ఒంటరిగా చాలా బలహీనమైనది. మగ్గం మీద పన్నె ముందుకూ వెనక్కూ ఆడుతుంటే దాని రాపిడికి పోగు నూగు లేచి పుటుక్కున తెగుతుంది. తెగినప్పుడల్లా నేత ఆగుతుంది. అందుకని మగ్గమెక్కించే ముందే పడుగుకు గంజి పెట్టాలి. మూడు చీరల పడుగంటే ఇరవై గజాల పొడవు. ఇరవై గజాల ఇల్లు ఏ నేతగాడికుంటుంది చెప్పండి? మగ్గం గుంత తవ్వుకోగా మిగిలిన చోటులోనే వంటా, పడకా, పిల్లల పురుళ్లూ జరిగే ఇళ్లాయె. కాబట్టి పడుగు వీధిలోకి వచ్చింది. ఒక్క గద్వాలలోనే కాదు, నూలు నేసిన చాలా ఊళ్లలో అది వీధిలోనే పరుచుకుంది.

పని తెల్లవారుజామునే మొదలయ్యేది. కత్తెరలా కట్టిన కర్రల్ని వీధి పొడవునా నిలబెట్టి, వాటిమీద పడుగును సాగదీసి, రెండు కొసలా బిగించేవారు. మధ్యమధ్య సన్నటి వెదురు పుల్లలు దూర్చి పోగుకు పోగును విడదీసేవారు. తర్వాత పలచటి గంజి. అందులో కాస్త నూనె. పెద్ద కుంచె పట్టుకుని ఇద్దరు మగవాళ్లు చెరోవైపు నిలబడి ఆ కొస నుంచి ఈ కొసకు దువ్వుకుంటూ వచ్చేవారు. వాళ్ల వెనకే ఆడవాళ్లు. తెగిన పోగు ఎక్కడుందో కంటితో పట్టి, రెండు కొసలూ కలిపి, వేళ్లతో ఒక్క నులుము నులిమి ముందుకు సాగేవారు. ముడి వేసినట్టు కూడా కనిపించేది కాదు. ఎండ ముదిరేలోపు ఇదంతా అయిపోవాలి. ఎండెక్కువైతే గంజి పెళుసెక్కుతుంది, గాలి లేస్తే పోగులు అతుక్కుంటాయి, చినుకు పడితే ఇక చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నియమాల సంగతి. ఎక్కడా రాసిపెట్టినవి కావు. పెద్దమ్మ ఇంట్లో నాలుగైదు వేసవులు గడిపిన మీదట నాకు అర్థమైనవి చెబుతాను.

పడుగు మోసే కర్రలు ఇంట్లో పట్టవు. వాడిన తర్వాత చూరు కింద, గోడవారగా, వీధిలోనే నిలబెట్టాలి. అవి ఎవరివైనా సరే, అవసరమున్నవాళ్లు అడిగి తీసుకోవచ్చు. కానీ పొయ్యిలోకి మాత్రం పోకూడదు. వానాకాలంలో ఎండుపుల్ల దొరక్క ఎంత ఇబ్బంది పడ్డా ఆ కర్ర జోలికి ఎవరూ పోరు. వాటిమీద తడిబట్టలు ఆరేయకూడదు, మేకను కట్టకూడదు, పిల్లలు గుర్రమాట ఆడకూడదు. ఈ చివరిదానికి నేనూ ఒక మొట్టికాయ తిన్నాను.

ఒకే రోజు ఇద్దరికి పడుగుంటే ముందురోజు సాయంత్రమే అరుగుల మీద మాట్లాడుకునేవారు. ఇవాళ మీది, రేపు మాది. తగాదాలు రాలేదని చెప్పను. వచ్చేవి, పొద్దెక్కేలోపు తీరేవి. ఎందుకంటే గంజి కాచినవాడికి తగాదా పెట్టుకునే తీరికుండదు. పడుగు పరిచిన ఇంటికి పక్కింటివాళ్లు చేతిసాయం వెళ్లాలి. కూలి లేదు, రేపు వాళ్ల పడుగుకు వీళ్లు వెళతారు. ఆ పూట బండి కట్టుకున్నవాడు పక్క సందులోంచి పోవాలి, సైకిలున్నవాడు దిగి నడిపించుకుపోవాలి. వాకిట్లో కళ్లాపి చల్లే ఆడవాళ్లు పడుగు వైపు నీళ్లు చిందకుండా చల్లుకోవాలి. ముగ్గు గడప దగ్గరే చిన్నది. పెద్ద ముగ్గు వేయాలని ముచ్చటపడితే పడుగులేని రోజు దాకా ఆగాలి.

ఇక వాన. ఆకాశంలో మబ్బు కమ్మి ఒక్క చినుకు రాలిందా, కులం లేదు, వరస లేదు, మాట్లాడుకోని ఇళ్లు లేవు. అందరూ పరుగెత్తాల్సిందే. ఒకసారి మా పెద్దమ్మ పొయ్యిమీద పాలు వదిలేసి పరుగెత్తింది. పాలు పొంగి పొయ్యారిపోయింది. ఆ రోజు మాకు కాఫీ లేదు. పెద్దనాన్నగారు కిక్కురుమనలేదు. పడుగు తడిస్తే ఎదురింట్లో నెలరోజుల తిండి పోతుందని ఆయనకూ తెలుసు.

ఈ నియమాలు ఎవరు పెట్టారు? గద్వాల సంస్థానం కదా, రాజులు పెట్టారేమోనని పెద్దయ్యాక నాకు అనుమానం వచ్చింది. గద్వాల, వనపర్తి, కొల్లాపురం కేంద్రంగా ఉన్న జటప్రోలు, ఈ మూడూ నిజాం ఏలుబడి కింద ఉంటూనే తమ దర్బారులూ తమ మర్యాదలూ నిలుపుకున్న సంస్థానాలు. సోమనాద్రి కట్టించిన గద్వాల కోటలో పండిత సభలు జరిగేవి, కవులకు సత్కారాలు జరిగేవి. ఆ ఊరికి 'విద్వద్గద్వాల' అని పేరు కూడా వచ్చింది. ఏ కవికి ఏ వరసలో ఆసనం వేయాలో, ఎవరికి ఏ శాలువా కప్పాలో కోటలో లెక్క ఉంటుంది. ఆ శాలువాల పోగులు వీధిలో ఎలా ఆరాలో మాత్రం కోట చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. అది ఆ వీధిలో బతికేవాళ్లు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటు.

ఇలాంటివి కూడా చరిత్రేనా అంటారేమో. అవునని మనకు నేర్పిన పెద్దమనిషి ఆ నడిగడ్డవాడే. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న నేలను నడిగడ్డ అంటారు. సురవరం ప్రతాపరెడ్డిగారిది ఆ నేలే. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు కూడా. రాజుల యుద్ధాలు పక్కనబెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని వెతికి ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమతి 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. ఆ ధైర్యంతోనే నేను ఈ కర్రల గురించి రాస్తున్నాను.

మన వీధిలో జరిగే ఈ పని ఎంత ముఖ్యమైనదో తెలుసుకోవాలంటే ఒక్కసారి ఇంగ్లండు దాకా వెళ్లి రావాలి. 1785లో కార్ట్‌రైట్ అనే ఆయన మరమగ్గానికి పేటెంటు తీసుకున్నాడు. ఇక ప్రపంచమంతా మరమగ్గాలే అనుకున్నారు. కానీ చాలా ఏళ్లపాటు అది సరిగ్గా నడవలేదు. ఎందుకో తెలుసా? గంజి. యంత్రం నేస్తుంటే కాసేపటికోసారి దాన్ని ఆపి, మనిషి కుంచె పట్టుకుని పడుగుకు గంజి రాయాల్సి వచ్చేది. మనిషి ఆగితే యంత్రం ఆగినట్టే. చివరికి 1803 ప్రాంతంలో స్టాక్‌పోర్టులో రాడ్‌క్లిఫ్ అనే బట్టల వ్యాపారి, జాన్సన్ అనే నేతగాడు కలిసి పడుగుకు ముందే గంజిపెట్టి ఆరబెట్టే యంత్రం తయారుచేశారు. ఆ తర్వాతే మరమగ్గం కాళ్లూనుకుంది. ఆ మిల్లుగుడ్డ ఓడలెక్కి వచ్చి మన మగ్గాల మీద పడ్డ సంగతి మీకు తెలిసిందే. అంటే మా ఎదురింటి అవ్వ కర్రలమీద పొద్దున్నే చేసే పనికి బదులు దొరికిన దాకా అంత పెద్ద యంత్రమూ కుంటుతూనే ఉందన్నమాట.

మళ్లీ మన వీధికి వద్దాం. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆ మరుసటి ఏడు జాగీర్లు రద్దయ్యాయి, సంస్థానాలూ పోయాయి. గద్వాలను చివరగా ఏలినది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. ఒక స్త్రీ పాలనతో ఆ సంస్థానం ముగిసిందన్న మాట మన చరిత్ర పుస్తకాలు పెద్దగా చెప్పవు. తర్వాత రాతకోతల నియమాలు వచ్చాయి. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టమైనా, దాని చోట తెలంగాణలో వచ్చిన 2019 చట్టమైనా వీధిని అందరి సొత్తు అంటాయి. దారికి అడ్డంగా ఏదీ పెట్టకూడదంటాయి. న్యాయమే. ఇంటిముందు మెట్లు రోడ్డు మీదికి జరుపుకునేవాళ్లనూ, ఇసుక కుప్పలు పోసుకునేవాళ్లనూ ఎవరు ఆపుతారు మరి?

చిక్కల్లా ఏమిటంటే, చట్టం కంటికి ఇసుక కుప్పా పడుగు కర్రా ఒకటే. రెండూ అడ్డమే. రెండు గంటల్లో మడిచి తీసేసేదీ రెండేళ్లయినా తీయనిదీ వేరు వేరని వీధిలో ఉండేవాళ్లకు తెలుస్తుంది గానీ కాగితానికి తెలియదు.

అందుకని నేను చాలాకాలం ఒక నమ్మకంతో ఉన్నాను. మోటారు సైకిళ్లు వచ్చి, సిమెంటు రోడ్డు వచ్చి, చట్టం వచ్చి ఆ పడుగుల్ని వీధిలోంచి తరిమేశాయని. నాలుగు మీటింగుల్లో అలాగే మాట్లాడాను కూడా. చప్పట్లు కొట్టారు.

కొన్నేళ్ల కిందట గద్వాల వెళ్లినప్పుడు ఆ నమ్మకం కాస్తా పోయింది. ఎదురింటి అవ్వ ఎప్పుడో పోయింది. ఆవిడ కోడలు ఉంది. నాకంటే పదేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. గుర్తుపట్టి అరుగు మీద కూచోబెట్టి చాయ్ ఇచ్చింది. గోడవారగా కర్రలు లేవు. "రోడ్డు మీద ఇప్పుడు పడుగు పరచనియ్యరు కదక్కా?" అన్నాను సానుభూతిగా.

"ఎవరు వద్దన్నారమ్మా?" అంది. "పరిచేటందుకు నూలు పడుగు ఉండాలె గద."

నేను తెల్లబోయాను. ఆవిడే విడమరిచి చెప్పింది. పట్టుకు గంజితో అంత పనిలేదు, అది తనంతట తానే నునుపూ గట్టీ. రెండు పేటలు కలిపి పురిపెట్టిన నూలు వస్తుంది, దానికీ అంత అక్కరలేదు. ఒంటిపేట సన్ననూలుకే గంజి కావాలి, వీధి కావాలి, పదిమంది చేతులు కావాలి. ఆ చీర ఇప్పుడు ఎవరడుగుతున్నారు? పెళ్లికి కొనేవాళ్లు ఒళ్లంతా పట్టు కావాలంటారు. షాపువాళ్లు అదే నేయమంటారు.

"మీరందరూ పట్టు కట్టవడ్తిరి, మా వీధి ఖాళీ ఆయె" అంది నవ్వుతూ. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. కానీ ఆ రోజు నేను కట్టుకున్నది పట్టు గద్వాలే. పైట సర్దుకున్నాను, ఇంకేం చేస్తాను?

అసలు గద్వాల చీర గొప్పతనమే నూలు ఒంటికి పట్టు అంచు అతకడంలో ఉంది. ఒంటి పేక ఒక నాడెతో, అటూ ఇటూ అంచుల పేకలు చెరో నాడెతో, మూడు నాడెలు ఆడించి, నూలూ పట్టూ కలిసేచోట ఒకదాని చేతిని ఒకటి పట్టుకున్నట్టు మెలేస్తారు. దాన్నే కుప్పడం అంటారు. అంచు మీద కోటకొమ్ములు లేస్తాయి. మండే ఎండల్లో పెళ్లికి వెళ్లినా ఒంటికి చల్లగా ఉండాలి, చూసేవాళ్లకు పట్టుచీరలా ఉండాలి. మన ఎండలూ మన వేడుకలూ రెండూ తెలిసిన బుర్ర ఎవరిదో గానీ దణ్ణం పెట్టాలి. ఆ పేరుకు చట్టప్రకారం భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పేరు నిలిచింది. ఒళ్లు మాత్రం నూలు నుంచి పట్టుకు మారిపోతోంది.

వీధి ఖాళీ అయితే ఏమైంది, శ్రమ తగ్గిందిగా అనొచ్చు. తగ్గింది, నిజమే. చీకటితో లేచి గంజి కాచే పని ఎవరికి సరదా? అక్క కూడా ఆ రోజులు మళ్లీ రావాలని ఏమీ అనలేదు. కానీ ఇంకో మాట అంది. "పడుగు దినాలల్ల ఆడోళ్ల చెయ్యి లేనిదే పని కాదని అందరికీ కనిపిస్తుండె. ఇప్పుడు లోపల కూసోని కండెలు సుడ్తం, ఎవరికి కనిపిస్తది?"

ఆ మాట నన్ను వదల్లేదు. 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణనలో దేశం మొత్తం మీద ముప్ఫై అయిదు లక్షల పైచిలుకు చేనేత పనివాళ్లు తేలారు. అందులో నూటికి డెబ్బైమందికి పైగా ఆడవాళ్లే. ఆ లెక్క చదివినప్పుడు నాకు ఆ వీధి గుర్తొచ్చింది. మగ్గం ముందు కూచున్నవాడు నేతగాడు. ఆసు పోసి, కండె చుట్టి, పోగతికినది? ఆవిడ నేతగాడి భార్య. ఇంట్లో చేస్తే అది ఇంటిపని అనేస్తాం. అదే పని వీధిలో, కర్రల మీద, ఊరంతా చూస్తుండగా జరిగినప్పుడు మాత్రం ఆవిడ చేతికి విలువుండేది. ఆ రెండు గంటలూ బండివాడు పక్కకు తప్పుకున్నది మగ్గానికే కాదు, ఆవిడ వేళ్లకు కూడా.

నియమం మరీ పట్టుదలగా నిలిచిన చోటు ఒకటుంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు స్వామివారికి గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు వెళతాయి. రెండు ఏళ్ల నడుమ నేల నుంచి వస్తాయి కనుక ఆ పేరంటారు. సంస్థాన ప్రభువులు మొదలుపెట్టిన ఆనవాయితీ. సంస్థానం పోయినా పంచెలు మానలేదు. నేసేవాళ్లు దీక్ష పట్టి, మండలం రోజులు నిష్ఠగా ఉండి, పదకొండు గజాల పంచె నేస్తారు. దేవుడి పంచెకు ఇన్ని నియమాలున్నందుకు నాకు సంతోషమే. అవ్వ వీధికి కూడా అలాంటివే ఉండేవి, వాటిని మనం నియమాలని గుర్తించలేదు, అంతే.

అన్నీ మెల్లగానే పోలేదు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి రాజోలి మునిగింది. అదీ నేత ఊరే. మగ్గాలు గుంతల్లో ఉంటాయి కదా, ముందు నిండేది ఆ గుంతలే. మగ్గాలూ నూలూ నేసిన చీరలూ నీళ్లపాలయ్యాయి. అప్పుడు టీవీలో ఇళ్లు మునగడం అందరం చూశాం. ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు. వీధిని మళ్లీ కట్టడమెలా? ఎవరి పడుగు ఏ రోజో తెలిసిన పొరుగు, చినుకు పడితే పరుగెత్తుకొచ్చే పొరుగు, కొత్తచోట మొదటినుంచీ పెరగాలి. ఇళ్ల ప్లాను గీసేవాళ్లు వంటిల్లు ఎటు, బావి ఎటు అని అడుగుతారు. పడుగెక్కడ పరుస్తారమ్మా అని నేత ఊరి ఆడవాళ్లను ఒక్కసారి అడిగితే బాగుండునని అప్పటినుంచీ అనుకుంటున్నాను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరులో మూడు జిల్లాలయ్యాయి. వనపర్తి వైపు అమరచింత, కొత్తకోట, గద్వాల వైపు రాజోలి, అయిజ పేరున్న నేత ఊళ్లు. ఎప్పుడైనా అటు వెళితే పొద్దున్నే లేచి నేతవాళ్ల వీధిలోకి ఒకసారి వెళ్లండి. ఏదైనా వీధిలో కర్రల మీద పడుగు కనిపిస్తే అదృష్టవంతులు. చుట్టు తిరిగి పొండి. చీర కొంటే, ఒళ్లు నూలేనా అని అడగండి. ఒంటిపేట నూలా అని కూడా అడగండి. షాపువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. పదిమంది అడిగితే పదకొండోసారి ఆ మాట మగ్గం దాకా పోతుంది.

మా అమ్మాయి సాయంత్రం మళ్లీ వచ్చింది. "ఇంతకీ ఆ చీర నాకిస్తావా?" అంది. ఇస్తాను గానీ, ముందు కూచుని ఆ వీధి కథ వినాలని షరతు పెట్టాను. ఎంత పొడుగు కథ అని అడిగింది. ఇరవై గజాలు అన్నాను.